ముందట నడిచినోడు

"మీరే చంపిన్రు నా మొగన్ని. ఊరంత కలిసి చంపిన్రు. అందరికంటె ముందు నువ్వు చంపినవు బావా."

శంకరవ్వ ఆ మాట తహసీల్దారు ముందటనే అన్నది. భూమన్న గొడ్డలి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని వాళ్లిద్దరి ముందట అడవి తొవ్వ పట్టిండు.

వాగుకు అడ్డం కట్ట కట్టి తుమ్మలగూడను ముంచి రెండేండ్లు దాటింది. చుట్టూ ఉన్న అడవిని రిజర్వు చేసి మునగని చేన్లకు గూడ కంచె వేసిన్రు. ఊరోళ్లు గుట్ట కింద గుడిసెలల్ల పడి ఉన్నరు. ఇన్నాళ్లకు ఇంటికి ఐదెకరాలు ఇస్తమని సర్కారు అన్నది. మునిగిన జాగ కండ్లతోని చూసి జాబితా మీద సంతకం పెడతనని కొత్త తహసీల్దారు వచ్చిండు.

ఆ జాబితాల కైలాసం ఇల్లు లేదు. కైలాసం శంకరవ్వ మొగుడు, భూమన్నకు చిన్నాయిన కొడుకు. సర్వేవాళ్లకు తొవ్వ చూపి ఊరిని ముంచిండని వాన్ని వెలేసిన్రు. వాని ఇంటికి గుంటెడు భూమి గూడ ఇయ్యొద్దని తీర్మానం రాసిన్రు. దాని కింద మొదటి వేలిముద్ర భూమన్నది.

"సాక్ష్యం ఏముంది?" నడుస్తూ అడిగిండు తహసీల్దారు.

"జెండా గుడ్డ," అన్నడు భూమన్న. "సర్వేవాళ్లది, ఎరుపు తెలుపుది. తలకు చుట్టుకొని అంగడికి వచ్చిండు. అందరు చూసిన్రు."

"తొవ్వల దొరికింది సారూ," వెనుక నుంచి శంకరవ్వ అన్నది. "చినిగిందని ఎవడో పారేస్తె తెచ్చుకున్నడు. నూరుసార్లు చెప్పిండు. తలకు గుడ్డ లేనోడు గుడ్డ దొరికితె చుట్టుకోడా?"

వెదురు పొదల కాడ తొవ్వ రెండుగ చీలింది. భూమన్న ఆగకుండ ఎడమకు తిరిగిండు.

"ఇందులో బయటివాడు దారి కనుక్కోలేడు," అన్నడు తహసీల్దారు.

"ఎట్ల కనుక్కుంటడు? ఊరోడు ముందట నడువకుంటె వాళ్ల కొలిచే గొలుసు గీడిదాక రాకపోయేది."

"ఆ మనిషి మీద నీకు బాగా కోపం ఉన్నట్టుంది."

"వాని కాళ్లు విరగ్గొట్టాలె."

శంకరవ్వ నవ్వింది. "సచ్చినోని కాళ్లు ఎట్ల విరగ్గొడుతవు బావా?"

పెద్ద ఇప్పచెట్టు కింద భూమన్న నిలబడ్డడు. "గీడ మంచం దించినం," అన్నడు, ఎవరూ అడగకుండనే.

"ఏం మంచం?"

"నా పెండ్లాం బాలలక్ష్మిది. కాన్పు కష్టమైంది. బండి పోయే బాట లేదు. ఉట్నూరు దవాఖానకని నలుగురం మంచం ఎత్తినం. ముందటి కోడు కైలాసం పట్టిండు. గీ చెట్టుకాడికి వచ్చేసరికి తల్లీ పిల్లా ఇద్దరూ పోయిన్రు."

"రోడ్డు కావాలని అడగలేదా?"

"ఖాకీ బట్ట కనబడ్డ ప్రతొక్కన్ని అడిగిన."

"నీ పెండ్లానికి నలుగురు దొరికిన్రు," అన్నది శంకరవ్వ. "జరమొచ్చి నా మొగడు పోతె ఒక్కడు రాలే. గోనెపట్ట మీద వేసి నేనొక్కదాన్నే ఈడ్చుకపోయిన. నీ గుడిసె ముందటనుంచే పోయిన బావా. తడక పెట్టుకొని లోపట కూసున్నవు."

భూమన్న వినబడనట్టే నడిచిండు.

అడవి దిగితే నీళ్లు. ఎండిన టేకు మోడులు నీళ్లల్ల నిలబడి ఉన్నయి, ఒక్కొక్క మోడు మీద ఒక్కొక్క నీటికాకి. ఎండాకాలానికి నీళ్లు తగ్గి ఒడ్డంత బురద తేలింది.

"నేను పెట్టినకాడనే కాలు పెట్టుండ్రి," అని భూమన్న ముందట పోయిండు. "అగో, గా వంకర మోడు కాడ నా ఇల్లు. పక్కన కైలాసంది. ఇద్దరికి నడుమ ఒకటే గోడ."

మోకాటిలోతు నీళ్లల్లకు దిగి, కాలుతోని తడిమి, ఒక రాయి మీద నిలబడ్డడు. "సర్వే రాయి. పదకొండోది."

తహసీల్దారు పటం విప్పి చూసిండు. "సరిగ్గా పదకొండే. ఎలా తెలుసు?"

"ఒడ్డు పొంట తిరిగెటోన్ని. తెలువదా?"

తహసీల్దారు సంచిలనుంచి పాత సర్వే పుస్తకం తీసి ఒక పేజీ చదివిండు. "'దారి చూపిన మనిషి పేరు చెప్పలేదు. జెండా మోస్తూ ముందు నడిచాడు. కూలి ఇస్తే వద్దన్నాడు. మేము రోడ్డు కోసం కొలుస్తున్నామని అతని నమ్మకం. బండి ఎప్పుడు వస్తుందని రెండుసార్లు అడిగాడు. మేము ఏమీ చెప్పలేదు.'"

నీటికాకి ఒకటి రెక్కలు విదిలించింది.

"కైలాసం ఆ మంచం మోసినవాడు కదా. రోడ్డు వస్తుందని ఆశపడ్డాడు పాపం," అన్నడు తహసీల్దారు. "మా వాళ్లు నోరు విప్పకపోవడం తప్పే. కానీ ముందు నడిచినవాడికి భూమి వద్దని ఊరే రాసిచ్చింది. దాన్ని నేను కాదనలేను."

"ఆయన నడువలే సారూ," అన్నది శంకరవ్వ. "ఆ దినాలల్ల జమ్మికుంటల పత్తి మూటలు మోస్తుండె. తిరిగొచ్చినంకనే ఆ గుడ్డ దొరికింది. ఎంత మొత్తుకున్నా ఒక్కడు నమ్మలే." బురదల్లనే కూలబడ్డది.

తహసీల్దారు జాబితా మోకాలి మీద పెట్టుకొని కలం మూత తీసిండు.

భూమన్న నీళ్లల్లనుంచి వచ్చిండు. గొడ్డలి కింద పెట్టిండు. తలగుడ్డ విప్పి తమ్ముని పెండ్లాం కాళ్లకాడ పెట్టిండు. ఆమె కాళ్లు ముడుచుకున్నది.

"నా పేరు కొట్టెయ్యుండ్రి సారూ, జెండా మోసింది నేనే."