మాస్టరమ్మ పగ

మాస్టరమ్మ విసిరిన దిండు నేరుగా వెళ్ళి ఆ అమ్మాయి మొహానికి తగిలింది.

ఆ అమ్మాయి దిండు తీసి, దులిపి, మాస్టరమ్మ మడమ కింద పెట్టింది.

"ఇప్పుడు మోకాలు కిందికి నొక్కండి పెద్దమ్మా. ఇంకో పదిసార్లు."

"నీది చెయ్యి కాదే, పటకారు!"

ఆసుపత్రి నుంచి వ్యాయామం చేయించడానికి వచ్చే ఆ అమ్మాయికి ఆ రోజు నుంచి పటకారు అనే పేరు స్థిరపడిపోయింది.

మాస్టరమ్మ ముప్పై ఏళ్ళుగా బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. యాభై పొరల గుడ్డ పరిచి కోసినా నూలుపోగంత తేడా రాదు. నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయింది. మోకాలు మార్పించుకోవడానికి వెళ్తూ కొత్త యజమానికి గట్టిగా చెప్పింది.

"ఆరు వారాలు. తర్వాత నా బల్ల దగ్గర నేనుంటాను. ఈలోగా ఎవరికీ ఇవ్వొద్దు."

ఆ బల్ల కోసం కాచుకుని ఉన్నది ఆమె దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. అందరూ చిన్న కత్తెర అంటారు.

ఐదో వారం వచ్చింది. మోకాలు ఇంకా ఉబ్బే ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతోంది.

"వచ్చే వారం పనిలోకి పోతున్నా," అంది మాస్టరమ్మ.

"మూడు నెలలైనా పడుతుంది పెద్దమ్మా. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు. రోజంతా నిలబడటం ఇక వద్దు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం కూడా మర్చిపోండి."

"మరి ఈ కొత్త మోకాలు ఎందుకు పెట్టారు, అలంకారానికా?"

"నొప్పి లేకుండా నడవడానికి. పదహారేళ్ళ మోకాలు ఎవరూ పెట్టలేరు."

మాస్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

పిల్లల్లేని మాస్టరమ్మకి తోడుగా ఉంటున్న చెల్లెలు, ఆమె బల్ల దగ్గర మర్చిపోయిన కళ్ళజోడు తెద్దామని మర్నాడు కార్ఖానాకి వెళ్ళింది. వచ్చి గుమ్మంలోనే చెప్పింది.

"అక్కా, నీ పటకారు అక్కడుంది! యజమానితో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నీ బల్ల చుట్టూ తిరిగి చూసింది."

"చిన్న కత్తెర ఏం చేస్తోంది?"

"పక్కనే ఉంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు."

మాస్టరమ్మకి అంతా అర్థమైపోయింది.

"నేనిక పనికిరానని చెప్పి నా బల్ల దానికి ఇప్పిస్తోందన్నమాట. ఉండు, దీని పని చెప్తా."

మర్నాడు చెల్లెలి భుజం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. పెద్ద డాక్టరుకి పిక్క మీద కమిలిన మచ్చ చూపించింది.

"చూడండి, కొట్టింది!"

అది మంచం పట్టె తగిలిన మచ్చ. చెల్లెలికి తెలుసు. అయినా డాక్టరు అడిగితే తలవంచుకుని ఊఁ అంది.

వారం తిరక్కుండానే పటకారు ఉద్యోగం పోయింది. ఆ పూట మాస్టరమ్మ తృప్తిగా భోంచేసింది.

తర్వాత వచ్చినతను మహా మర్యాదస్తుడు. అబ్బా అంటే చాలు, చెయ్యి తీసేసేవాడు. మూడు వారాలకి మోకాలు కర్రలా బిగుసుకుంది.

అతన్ని పంపేసి, మాస్టరమ్మ తలుపేసుకుంది. పటకారు నేర్పినవే పళ్ళు బిగించి మొదలుపెట్టింది.

"ఒకటి. నా బల్ల లాక్కుంటావా? రెండు. నేను పనికిరానా? మూడు. నడిచి చూపిస్తానే నీకు!"

ఆ కసికే మోకాలు కొంచెం కొంచెంగా వంగింది.

పద్నాలుగో వారం చేతికర్ర పట్టుకుని కార్ఖానాకి వెళ్ళింది. చిన్న కత్తెరని జుట్టు పట్టుకుని లాగేద్దామన్నంత కోపంతో లోపలికి అడుగుపెట్టింది.

బల్ల ఖాళీగా ఉంది.

దాని కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. పక్కన కొత్తగా ఓ ఎత్తు కుర్చీ, దానికి పాదాలు ఆన్చుకునే చెక్క.

"రండి మాస్టరమ్మా. ఇక కూర్చునే కొయ్యొచ్చు," అన్నాడు యజమాని.

"ఎవరు చేయించారు ఇదంతా?"

"ఇంకెవరు, ఆ అమ్మాయే. మీరేమో ఆరు వారాలన్నారు. అది దాటగానే బల్ల చిన్న కత్తెరకి ఇచ్చేద్దామనుకున్నా. మూడు నెలలు ఆగమని బతిమాలింది. మీకు రోషం ఎక్కువ, చెప్పొద్దంది. మధ్యలో తన ఉద్యోగం పోయిందట, అయినా వచ్చి కుర్చీ కొలతలు దగ్గరుండి చూసుకుంది."

మాస్టరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఇప్పుడెక్కడుంది?"

"పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్తున్నానంది. నెలైంది."

"ఏ ఊరు?"

యజమాని ఆమెని వింతగా చూశాడు.

"నేను ఆగిందే ఆ అమ్మాయి మీ కూతురినని చెప్పబట్టి. సొంత కూతురు ఎక్కడుందో మీకే తెలియదా మాస్టరమ్మా?"