ట్రామ్ దాకా

ముసలాయన ఆ రోజు కూడా వెనకాలే వచ్చాడు.

వియామ్ అడుగు వేగం పెంచితే ఆయనా పెంచాడు. ఆమె ఆగితే ఆగాడు. దగ్గరికి రాడు, పలకరించడు.

కాసాబ్లాంకా చివర రేకుల ఇళ్ళ పేట అది. పాత గుడిసెలు కూల్చేశాక వియామ్ వాళ్ళు అక్కడికి వచ్చి ఏడాది కాలేదు. ట్రామ్ ఎక్కాలంటే మూతపడ్డ ఫ్యాక్టరీ పక్క బీడు దాటాలి. వేరే దారి లేదు. ఆమె నర్సు శిక్షణ పట్నం నడిబొడ్డున.

చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో ముందు మాన్పించేది చదువునే.

చివరికి అన్న జవాద్‌కి చెప్పింది.

జవాద్ డిగ్రీ చదివాడు. ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా, పేట పేరు వినగానే మళ్ళీ కబురు చేస్తామనేవారు. పగలంతా గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఆ రోజు అతనికో పని దొరికినట్టయింది.

మర్నాడు పొద్దున ఇద్దరు స్నేహితులతో వెళ్ళి, బీడు మొదట్లోనే ముసలాయన్ని పట్టుకున్నాడు.

"జుట్టు నెరిసింది, సిగ్గు లేదూ? మా చెల్లెలి వెనక నీకేం పని?"

"ట్రామ్ ఎక్కేదాకే నాయనా."

"ఎక్కాక?"

"ఇంటికి పోతా."

వాళ్ళు నవ్వారు. ఒకడు తోశాడు. ముసలాయన బురదలో పడ్డాడు. వియామ్ చూస్తూ నిలబడింది.

ఆయన మెల్లగా లేచి, అరచేతులు ఒంటి మీది పొడుగు అంగీ, జెలాబాకి తుడుచుకున్నాడు.

"మరి రేపట్నుంచి నువ్వు తోడొస్తావా?" అని జవాద్‌ని అడిగాడు.

"అది నువ్వు చెప్పాలా నాకు?"

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

జవాద్ రెండు రోజులు తోడు వెళ్ళాడు. మూడో రోజు పొద్దెక్కేదాకా నిద్ర లేవలేదు.

ఆ తర్వాతి వారం బీడు మధ్యలో ఇద్దరు మోపెడ్ అడ్డం పెట్టారు. బ్యాగు పోయింది, ఫోను పోయింది. అంతకుమించి ఏమీ కాలేదని వియామ్ ఇంట్లో చెప్పింది. మెడ మీద గీతలు చూసి తల్లి ఇక అడగలేదు.

శిక్షణ అక్కడితో ఆగింది. ఎవరూ మానమని అనలేదు. ఎవరూ వెళ్ళమనీ అనలేదు. తల్లితో కలిసి అమ్మకానికి రొట్టెలు వత్తడం మొదలుపెట్టింది.

చలికాలంలో ఒకనాడు వత్తిన రొట్టెల పలకతో, వీధి వాళ్ళంతా రొట్టెలు కాల్పించుకునే పొయ్యి దగ్గరికి వెళితే, బూషయిబ్ పోయాడని చెప్పుకుంటున్నారు.

ఎవరాయన అని అడిగింది వియామ్.

"పొద్దున్నే ట్రామ్ దాకా నడిచి వచ్చేవాడే, ఆ ముసలాయన," అంది రొట్టెలు కాల్చే యామ్నా.

వియామ్ పలక కింద పెట్టింది. ఆయనకెవరూ లేరా అని అడిగింది.

యామ్నా పొయ్యిలోకే చూస్తూ చెప్పింది.

"ఒక్కతే కూతురు, హస్నా అని. నీలాగే నర్సు చదువుకి వెళ్ళేది తల్లీ. ఒకనాడు పొద్దున బీడులోకి దిగిన పిల్ల, అవతలికి చేరలేదు."