మూడుసార్లు వెలిగే లైటు

అరిజోనాలో నవహో ఆదివాసుల ఇళ్లకు పెట్టిన సోలార్ సిస్టమ్‌లను రాగిణి దేశానికి ఇంకో కొసన అల్ఫారెట్టాలో తన గదిలోంచే స్క్రీన్ మీద చూస్తుంటుంది. ఒక ఇంట్లో రోజూ పొద్దున ఎనిమిదింటికి లైటు మూడుసార్లు వెలిగి ఆరుతోంది. మూడు వారాలు ఫాల్ట్ అని రాసి, చివరికి ఫోన్ చేసింది.

"పాడవలేదమ్మా," అంది ఆ ఇంటి ముసలావిడ ఎల్సీ యాజీ. "సిటీలకి వెళ్లే కరెంటు తీగలు నలభై ఏళ్లుగా నా నెత్తి మీంచే పోతున్నాయి. నాకు లైటు మొన్ననే వచ్చింది. అక్కడ ఎవరో కూర్చుని చూస్తుంటారని బిగించినతను చెప్పాడు. పలకరిద్దామని వేస్తున్నా. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు."

తనను ఎవరైనా ఊరికే పలకరించి ఎన్నాళ్లయిందో రాగిణికి గుర్తు రాలేదు.

మర్నాడు ఎనిమిదింటికి లైటు మూడుసార్లు వెలిగి ఆరింది. రాగిణి స్క్రీన్ మీద ఆ లైటు టెస్ట్ బటన్ నొక్కింది. ఎల్సీ ఇంట్లో అది నాలుగోసారి వెలిగింది.