నిప్పున్న మనిషి

“చెప్పండి. మీ మెడకున్న గొలుసు ఏమిటి?”

గురువుగారు అందరినీ అడుగుతున్నది అదే. ఆదివారం పూట, ఒక ట్యుటోరియల్ కాలేజీ పై అంతస్తులో అద్దెకు తీసుకున్న హాలు. కుర్చీల నిండా ఉద్యోగస్తులు. వేదిక వెనక బ్యానరు: ‘ఉద్యోగం వదులు, ఉద్యమించు!’ గురువుగారు ఎనిమిది కంపెనీలు పెట్టిన మనిషి. అవి ఇప్పుడెక్కడున్నాయని ఎవరూ అడగలేదు. విజేతను అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఒక్కొక్కరే లేచి తమ బానిసత్వం గురించి చెప్పుకోవాలి. ఒక నర్సు లేచి రాత్రి డ్యూటీల గురించి చెప్పింది.

“ఓపిక పట్టమ్మా. మీకింకా సమయం రాలేదు” అన్నారు గురువుగారు.

ఒక సేల్స్‌మన్ లేచి, మూణ్నెల్లుగా జీతం ఇవ్వడం లేదన్నాడు.

“మీరక్కడ నేర్చుకోవలసింది ఇంకా ఉంది. అప్పుడే మానొద్దు” అన్నారు.

తర్వాత తాళాలాయన లేచాడు. ఆయన పైపుల కంపెనీలో స్టోర్ కీపరు. తాళాల గుత్తి బెల్టుకు తగిలించుకుని తిరుగుతాడు గనుక ఆఫీసులో అందరికీ తాళాలాయనే.

“ఏళ్ల తరబడి ఒకటే పని సార్. వచ్చిన సరుకు రాసుకోవడం, అడిగిన సరుకు ఇవ్వడం. ఐదింటికి తాళం వేసి ఇంటికెళ్లడం. ఒక మలుపూ లేదు, మెరుపూ లేదు.”

“ఐదింటికేనా?” గురువుగారి గొంతు బరువెక్కింది. “రోజూనా?”

“రోజూ సార్.”

“జీతం?”

“ఒకటో తారీకు పడిపోతుంది సార్.”

“అయ్యో” అన్నారు గురువుగారు. “మధ్యాహ్నం భోజనం?”

“క్యాంటీన్లో వాళ్లే పెడతారు.”

“ఒంట్లో బాగాలేకపోతే?”

“ఆస్పత్రి ఖర్చు కంపెనీదే సార్. ఇంట్లోవాళ్లకు కూడా.”

గురువుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. వేదిక దిగి వచ్చి తాళాలాయన భుజం మీద చెయ్యి వేశారు.

“ఇంత పకడ్బందీ జైలు నేనెక్కడా చూడలేదు. మీలో నిప్పుంది. ఇంతమందిలో మీ ఒక్కరిలోనే ఉంది. అసలు మీ మనసు దేనిమీద ఉంది, చెప్పండి!”

ఆ సంగతి తాళాలాయన ఎప్పుడూ ఆలోచించలేదు. హాలంతా తనవైపే చూస్తోంది. పొద్దున్నే తలారా స్నానం చేసి వచ్చాడేమో, నోటికి “సబ్బులు” అని వచ్చింది.

“స్పష్టత అంటే ఇదీ!” అంటూ గురువుగారు చప్పట్లు కొట్టారు. హాలు మారుమోగింది.

“మీలో నిప్పా?” అంది ఇంట్లో భార్య. “పొయ్యి వెలిగించమంటే సగం అగ్గిపెట్టె ఖాళీ చేస్తారు. ఎవరండీ ఆ మాటన్నది?”

“నీకర్థం కాదులే. ఆయన ఎనిమిది కంపెనీలు పెట్టాడు.”

“మొదటిది నడిచుంటే రెండోది ఎందుకు పెట్టాడట?”

తాళాలాయన లోలోపల నవ్వుకున్నాడు. ఇలాంటి మాటలు వస్తాయని క్లాసులో ముందే హెచ్చరించారు. ఎవరికైనా మొదటి అడ్డుగోడ ఇంట్లోనే ఉంటుందట.

ఆ వారమంతా గురువుగారు రోజూ ఫోన్ చేశారు. అంతటి మనిషి తనకోసం ఇంత తీరిక చేసుకుంటున్నందుకు తాళాలాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

“రాజీనామా ఇచ్చేశారా?”

“రేపిస్తాను సార్.”

“రేపు అనేది ఓడిపోయేవాళ్ల మాట. మీ మేనేజరేమైనా ముక్కోపా?”

“అబ్బే, మెత్తని మనిషి సార్. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు.”

“మరింకెందుకండీ భయం!”

శుక్రవారం ఇచ్చేశాడు. మేనేజరు బతిమాలతాడని, తాను కరిగిపోకూడదని దారి పొడవునా గుండె రాయి చేసుకుంటూ వెళ్లాడు. మేనేజరు కాగితం చదివి పక్కన పెట్టాడు.

“నీ ఇష్టమయ్యా. మనిషి దొరక్కపోడులే. నిన్ననే ఒకరు పని కోసం అడిగి వెళ్లారు.”

తాళాలాయన మనసు చివుక్కుమంది. మరుక్షణం ఒళ్లు పులకరించింది. నువ్వు ఒక్క అడుగు వేస్తే దారులు వాటంతటవే తెరుచుకుంటాయని గురువుగారు చెప్పింది ఇదే కదా!

నోటీసు నెలంతా వంటింట్లో సబ్బులు చేశాడు. మొదటి విడత గట్టిపడలేదు. రెండో విడత గట్టిపడింది గానీ నురగ రాలేదు. భార్య అందులో ఒకదాన్ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. సలహా అడుగుదామని ఫోన్ చేస్తే గురువుగారు తీయడం లేదు. పాపం, ఇంకెవరినో విడిపిస్తూ ఉంటారు.

“ఇంకా గడువుంది కదండీ. వెళ్లి వెనక్కి తీసుకోండి” అంది భార్య. ఈసారి గొంతులో వెటకారం లేదు. “పెద్దదాని కాలేజీ ఉంది. అత్తయ్య మందులున్నాయి.”

మర్నాడు తాళాలాయన మేనేజరు గది గుమ్మం దాకా వెళ్లాడు. లోపల, కొత్తగా వచ్చే మనిషికి ఆర్డరు టైపు చేయమని చెబుతున్నారు. కిక్కురుమనకుండా వెనక్కి వచ్చేశాడు.

ఆఖరి రోజున తోటివాళ్లు చేతి గడియారం ఇచ్చి ఫొటో దిగారు. మేనేజరు లేచి కరచాలనం చేశాడు.

“కొత్తాయన స్టోరులో కూర్చున్నాడు. పని అప్పజెప్పేసి వెళ్లు. నీకంటే పెద్దవాడు, కాస్త మర్యాదగా చెప్పు.”

తాళాలాయనకు ఆ కొత్తాయన మీద జాలేసింది. ఈ వయసులో వచ్చి ఈ జైల్లో పడ్డాడు, పాపం. పని చెప్పడం అయ్యాక నాలుగు మంచిమాటలు కూడా చెప్పాలి, వీలైతే గురువుగారి నంబరు ఇవ్వాలి అనుకుంటూ స్టోరు తలుపు తోశాడు.

తన కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా కాళ్లు చాపి, ఫ్యాను కాస్త పెంచమంటున్నారు గురువుగారు.