ఓడ కదిలేలోగా

"లైట్‌హౌస్ ఎక్కుదామా సార్? పైనుంచి దీవంతా కనబడుతుంది."

"వద్దమ్మా."

"పోనీ, అద్దాల పడవ? కూర్చున్నచోటి నుంచే అడుగున చేపలన్నీ చూడొచ్చు."

"చేపల్ని చూసే ఓపిక లేదు. దువ్వెనలమ్మే కొట్టెక్కడుందో చూపించండి, చాలు."

గైడు గొడుగును రెండో చేతిలోకి మార్చుకుని, గాలికి జారుతున్న స్కార్ఫును తలమీదికి లాక్కుంది. ఓడ దిగినవాళ్ళు ఒడ్డున ఏమేం చేయవచ్చో ఆమెకు కంఠతా వచ్చు. ఇసుకలో నడక, జలపాతం, పూసల బజారు, ఏది చెప్పినా ఈ పెద్దాయన తల అడ్డంగానే ఊపుతున్నాడు. ఆయన చూపంతా గోదాముల వెనక కనబడుతున్న ఏదో పొగగొట్టం మీదే ఉంది.

"ఓడ ఎప్పుడు కదులుతుంది?"

"చీకటి పడేలోగా సార్. బోలెడు టైముంది."

"బోలెడు అనకండి. నిన్నటి నుంచి మా ఆవిడ నాతో మాట్లాడ్డంలేదు."

దారిలో స్టాలు దగ్గర ఆమె రెండు కాఫీలు తీసుకుని, చక్కెర లేనిది ఆయన చేతికిచ్చింది.

"నాకు తీపి పడదని మీకెవరు చెప్పారు?"

"మొహం చూస్తే తెలిసిపోతుంది సార్. ఇన్నేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా?"

ఆయన నవ్వలేదు. బల్లమీద కూలబడి, అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"పెళ్ళయ్యాక మేమిద్దరం బయటికి రావడం ఇదే మొదలు. తనకి ఓడ పడలేదు. భోజనాల దగ్గర అందరి ముందూ వాంతి చేసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నిన్ను ఇంటిదగ్గరే పడేసి రావాల్సింది అనేశాను. నలుగురిలో."

"ఆవిడ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు."

"ఆ కోపం పోయే ఉంటుంది లెండి."

"మీకేం తెలుసమ్మా ఆవిడ సంగతి?"

గైడు మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. లైట్‌హౌసు చూడకపోతే కొంపలేం మునగవు. ఈయన గుండెలో దిగిన ఆ ఒక్క ముల్లూ ఇవాళ తీసేయగలిగితే చాలు. ఆమెకు అంతకు మించిన ఆశ లేదు.

కొట్టతను వాళ్ళను చూడగానే అరల వైపు వెళ్ళకుండా కౌంటరు కిందికి వంగాడు. అక్కడినుంచి ఒక చెక్క దువ్వెన తీశాడు, జడలో దోపుకునేది. ఒక పన్ను విరిగి ఉంది.

"కొత్తది లేదా?"

"చేత్తో చెక్కింది సార్. ఇలాంటిది ఇదొక్కటే ఉంది."

"విరిగినదిస్తే ఇంకా మండిపడుతుందేమో."

"ఆడవాళ్ళు పళ్ళు లెక్కపెట్టరు సార్, ఎవరు తెచ్చారన్నదే చూస్తారు" అన్నాడు కొట్టతను, గైడు మొహంలోకి చూడకుండా.

రేవు వైపు నడుస్తుంటే ఆమె మోకాలు పట్టేసింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కుంటుతూ ఆయన్ని అందుకుంది.

"ఎందుకంత కంగారు? ఆవిడే మిమ్మల్ని వెతుక్కుంటూ దిగి వస్తారేమో. వెనకటికి ఒకావిడ అలాగే దిగి, ఓడ తప్పిపోయి, మొగుడితో ఇక్కడే కాపురం పెట్టేసింది."

"మొగుడికోసం ఓడ వదులుకుందా? పిచ్చిమాలోకం" అంటూ ఆయన మొదటిసారి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ కాసేపూ ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆ నవ్వు గేటు దాకానే.

"గాలి మారింది సార్. ఓడ పొద్దున్నే కదులుతుంది. అప్పటిదాకా ఎవర్నీ లోపలికి పంపొద్దన్నారు" అన్నాడు కాపలావాడు, ఒప్పజెప్పినట్టు.

"మా ఆవిడ లోపలుంది. ఒక్క నిమిషం, ఇదిచ్చి వచ్చేస్తాను."

"వీల్లేదు సార్."

పెద్దాయన గేటు ఊచలు పట్టుకున్నాడు. దువ్వెన గైడు చేతిలో పెట్టి బతిమాలాడు. "మిమ్మల్నయితే పంపిస్తారేమో. మీకు పుణ్యముంటుంది. ఇదిచ్చి, తప్పు నాదేనని చెప్పండి."

కాపలావాడు పక్కకు తప్పుకున్నాడు. ఆమె వాడి గది వెనక్కి వెళ్ళి, గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. అక్కడినుంచి ఆమె వెళ్ళగలిగిన చోటంటూ ఏదీ లేదు. కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చింది.

"ఇచ్చాను సార్. కోపం లేదన్నారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీరు వెళ్ళనేలేదమ్మా. నా మీద జాలితో అబద్ధమాడుతున్నారు. కోపం లేదని నోటితో చెప్పే మనిషి కాదు తను. కోపం పోతే మాట్లాడకుండా వచ్చి నా పక్కన కూర్చుంటుంది. అంతే."

చీకటి పడకముందే ఆయన్ని కొండమీది గెస్ట్‌హౌసుకు తీసుకెళ్ళింది. సంచీలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. ఆయన మంచంమీద కూర్చుని, కిటికీలోంచి సముద్రం వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి, ఏడుపు మాత్రం బయటికి రానివ్వడంలేదు.

ఆమె స్కార్ఫు విప్పింది. తెల్లటి ముడిలో పన్ను విరిగిన దువ్వెన దోపుకుంది. మాట్లాడకుండా వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆయన కిటికీ మీంచి చూపు తిప్పకుండానే మర్యాదగా పక్కకు జరిగాడు. "పొద్దుపోయింది, మీరింటికి వెళ్ళండమ్మా. మీవాళ్ళు ఎదురుచూస్తుంటారు. రేపటికైనా ఆవిడ కోపం పోతుందంటారా?"

తనకు ఆ కోపం పోయి నలభై ఏళ్ళయింది.