మాట్లాడుతూ నడవండి

“ఆయన్ని టోపీ పెట్టుకోమనండి. ఎండ తగిలితే తలనొప్పి వస్తుంది,” అంది ఆవిడ గైడుతో.

ఆయన ఆవిడ పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు.

“తెచ్చుకున్నానని చెప్పండి,” అన్నాడాయన, అదే గైడుతో.

చలికాలం నుంచీ వాళ్ళింట్లో ఇదే వరస. మధ్యవర్తిగా పక్కింటావిడ దొరికితే పక్కింటావిడ, దొరక్కపోతే పిల్లి. పిల్లికి కూడా విసుగొచ్చి ఈ మధ్య గోడ దిగడం మానేసింది.

కూతురు పోయినేడాదే ముచ్చటపడి ఈ కొండల పార్కుకి ఇద్దరికీ బుక్ చేసింది. రామని చెప్తే ఎందుకని అడుగుతుంది. అప్పుడు ఇంట్లో సర్ది పెట్టిన పెట్టె సంగతి చెప్పాలి. ఈ ప్రయాణం కాగానే ఆవిడ ఆ పెట్టె తీసుకుని అక్కగారింటికి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు. ఆ మాట ఆయనకి పక్కింటావిడ ద్వారా తెలిసింది.

వేసవి అప్పుడే మొదలైంది. మంచు కరిగి పైదారి ఈమధ్యే తెరిచారు. గేటు లోపల ఆవిడ బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే ఆయన గైడుని పక్కకి పిలిచి ఏదో అడిగాడు. బాత్రూము ఎక్కడని కాబోలు.

గైడు తిరిగొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, ఒక జాగ్రత్త. ఇది ఎలుగుబంట్లు పిల్లలతో కిందికి దిగే కాలం. మనిషి గొంతు వినబడితే వాటంతటవే తప్పుకుంటాయి. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి ఎదురుపడ్డామా, మీద పడతాయి. అందుకని దారి పొడుగునా మీరిద్దరూ మాట్లాడుకుంటూ నడవాలి.” పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చెప్పి ఆయన వైపు చూశాడు.

“మీరు మాట్లాడండి. మేం వింటాం.”

“నేను ముందు నడిచి దారి చూడాలి కదమ్మా.”

“ఫోన్లో పాటలు పెడితే?”

“పాటలకి అవి అలవాటు పడిపోయాయండి.”

గైడు కర్ర ఊపుకుంటూ ముందుకెళ్ళిపోయాడు. ఇద్దరూ మిగిలారు. కాసేపు బూట్ల చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు. దారి పక్క పొదలు దట్టంగా ఉన్నాయి. ఆవిడ ఒకటికి రెండుసార్లు వాటి వైపు చూసింది.

“ఏదో ఒకటి అనండి,” అంది చివరికి.

“రెండొకట్ల రెండు. రెండు రెళ్ళు నాలుగు.”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“ఎక్కం చెప్పడానికి మీరేం లెక్కల మాస్టారా? రిటైరయ్యేదాకా చెప్పింది జీవశాస్త్రం. పిల్లలకి గుండె బొమ్మ గీసి చూపించారు. సొంత గుండెకి స్టెంటు వేసే ఆపరేషనైతే పెళ్ళానికి చెప్పలేదు.”

ఆయన తల దించుకుని నడిచాడు.

“ఆపకండి. ఎలుగుబంటి వస్తుంది.”

“పొరుగూళ్ళో రిటైరైన మాస్టర్ల సమావేశమని అబద్ధం చెప్పి ఆస్పత్రిలో చేరాను. తప్పే.”

“మందుల షాపాయన అడిగాడు, ఆపరేషన్ తర్వాత సార్‌కి ఎలా ఉందమ్మా అని. నలుగురి ముందు గుడ్లప్పగించి నిలబడ్డాను. మన మధ్య దాపరికం ఏమిటండీ?”

పైన పెద్ద పిట్ట ఒకటి గాలిలో చుట్టు తిరిగింది. “గద్ద!” అని ముందునుంచి గైడు కేకేశాడు.

“గద్ద కాదు, డేగ. తోక చూడు,” అని దిద్దాడాయన. ఎవరు తప్పు చెప్పినా ఊరుకోలేని మనిషి. తర్వాత గొంతు తగ్గించాడు. “మన పెళ్ళైన కొత్తలో మీ నాన్నగారిని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. నువ్వు ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నావు. ఆయన తిరిగి రాలేదు. ఆ వరండాలో నిన్ను మళ్ళీ కూర్చోబెట్టలేకపోయాను.”

ఆవిడ అడుగు తడబడింది. ఇన్ని నెలలు మనసులో ఆయన్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి బరువుగా అనిపించాయి.

“ఇదే మాట అప్పుడు చెప్తే ఏం పోయింది?”

“క్లాసులో గంట కొడితే మాట దానంతటదే వచ్చేది. ఇంట్లో గంట ఎవరు కొడతారు? నువ్వు మాట్లాడనన్నావు. ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలీలేదు.”

“మీ చెప్పులు పట్టుకుని కూర్చోవడం నాకు కష్టమే. కానీ ఆ కూర్చునే హక్కు నాది. అది కూడా లేకుండా చేశారు.”

పొద గలగలమంది. ఆవిడ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు. ఒక కుందేలు దారి దాటి దూకింది. అది వెళ్ళిపోయినా ఆవిడ మణికట్టు వదల్లేదు.

పైన మంచు అంచున పసుప్పచ్చ పూలు అప్పుడే తలెత్తుతున్నాయి. అక్కడ కూర్చుని ఒకే ఆపిల్ ఇద్దరూ తిన్నారు. దిగేటప్పుడు గైడు ఎంత వెనకబడ్డా వీళ్ళు పట్టించుకోలేదు. కూతురి గురించి, పిల్లి గురించి, వంటింట్లో కారే కొళాయి గురించి ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ దిగారు.

బస్సెక్కాక ఆవిడ అక్కకి ఫోన్ చేసింది. “నేను రావడం లేదక్కా. ఎందుకంటే ఏం చెప్పను, ఎలుగుబంటి కాపాడింది.”

ఫోన్ పెట్టేసి ఆయన వైపు తిరిగింది. “ఇంకేదైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఈసారి బయటివాళ్ళ నోట వింటే మాత్రం నిజంగా వెళ్ళిపోతాను.”

ఆయన కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర గైడు చెయ్యి ఊపుతున్నాడు.

“ఒకటుంది,” అన్నాడు.

మళ్ళీ గుండేనా? డాక్టరు ఇంకేమైనా అన్నాడా?

“ఏదైనా సరే, ఇద్దరం పడదాం. చెప్పండి.”

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఈ కొండల్లో ఎలుగుబంట్లు లేవు.”