చేతి పొడవు

పక్షవాతం వచ్చిన మూడో రాత్రి, దర్జీ ఎడమ చెయ్యి గాలిలో కొలతలు తీయడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి పడిపోయినా, పాపం, ఈ చెయ్యి మాత్రం పని మరవలేదు.

"భ్రమలండీ, వస్తుంటాయి. గుండెనీ చెమటనీ నడిపే నరాలు కూడా అదుపు తప్పాయి," అంటూ తడిసిన దుప్పటి మార్చి వెళ్ళింది నర్సు.

"రాసుకో అమ్మా," అన్నాడు కూతురితో, ముద్దముద్దగా. "భుజం పదిహేడున్నర. పొడవు ముప్ఫై."

"ఎవరికి నాన్నా?"

"ఎవరికేమిటే, తమ్ముడికి! ఎంత పొడుగయ్యాడో చూడు."

తమ్ముడు ఆరేళ్ళప్పుడే పోయాడు. వాడికి నాన్న కుట్టిన ఆఖరి చొక్కా పొడవు పద్దెనిమిది. బతికుంటే ఈపాటికి ముప్ఫై ఏళ్ళవాడు. అయినా ఆమె మందుల చీటీ వెనక రాసింది.

అప్పుడే మంచం పక్కన మిషను కూత ఆగిపోయింది. సాయంత్రం నుంచీ నూట ముప్ఫై దగ్గర గంతులేస్తున్న గుండె అంకె, డెబ్బైకి దిగి నిలబడింది.

ఆయన ఆమె వెనక్కి చూస్తూ ముద్దుగా కసిరాడు.

"చేతి పొడవు చూడాలి కదరా. అక్క భుజం మీంచి ఆ చెయ్యి తియ్యి."

ఆమె వెనక్కి తిరగలేదు.

"ఉండనీ నాన్నా," అంది. "ఇంకాసేపు."